దొంగ అంతస్తు

"ఈ మేడ ఎవరిది, అవద్?"

"నాదే పాషా."

ఇన్‌స్పెక్టర్ బద్రాన్ నవ్వలేదు. నిలబడితే నెత్తి బొప్పి కట్టే మెట్ల కింది గూట్లో, చాప మీద, చేతులకు బేడీలతో కూర్చుని ఉన్నాడు ఆ మేడ యజమాని. గోడకో మేకు, మేకుకో పొడుగు జుబ్బా. మూలన కిరసనాయిలు స్టవ్వు, దాని మీద పొద్దున ఉడికించిన చిక్కుడు గింజలు. పదమూడంతస్తుల మేడ. ముప్పై ఆరు కాపురాలు. అందరి మెట్లూ కడిగేది, అందరి చెత్తా మోసేది ఈ యజమానే.

"కాయితమ్మీద నాది," అన్నాడు అవద్ తల దించుకుని. "కట్టించింది హాజీ షర్నూబీ. పర్మిషను నా పేరున తీయించాడు. ఏలిముద్ర ఎయ్యమన్నాడు, ఏశాను. నాలాంటోణ్ణి ఏదో అంటారు గదా మీరు..."

"కహూల్."

"ఆ, అదే."

అలెగ్జాండ్రియాలో ఇల్లు కట్టేవాళ్ళ నోట నలిగి నలిగి అరిగిపోయిన మాట అది. బినామీ అయితే ఆస్తిని దాచడానికి పనికొస్తాడు. కహూల్ శిక్షను దాచుకోవడానికి. మేడ నిలబడ్డంత కాలం అద్దెలు కట్టించినవాడివి. పడిననాడు జైలు కహూల్‌ది.

"వేలిముద్రకి ఏమిచ్చాడు?"

అవద్ గూటి నాలుగు గోడలూ చూపించాడు. "ఇది పాషా."

గడియారంలో పన్నెండూ నలభై. రెండింటికి వార్డు ఆఫీసులో ఈ మేడకి పది నంబరు ఫారం చేతికిస్తారు. అదొచ్చిందంటే అక్రమంగా లేచిన అంతస్తులన్నీ ఒక్క సంతకంతో సక్రమమైపోతాయి. ఖాళీ చేయమనే హక్కు ఆ తర్వాత ఎవరికీ ఉండదు. ఆ ఫారం కోసం మేడను పరీక్షించాల్సిన వార్డు ఇంజనీరు వదీ ఇస్కందర్, ఈ పొద్దున పదీ ముప్పై అయిదుకి ఇదే మేడ లిఫ్టు గోతిలో శవమై కనిపించాడు. ఎనిమిదో అంతస్తులో తెరుచుకున్న లిఫ్టు తలుపులోంచి పడ్డాడు, దాన్ని బాగుచేయించని యజమాని నిర్లక్ష్యం అని స్టేషను వాళ్ళు ఒక్క పేరాలో తేల్చేశారు. అవద్‌ని లోపలేస్తే కేసు ముగిసినట్టే. మేడ పరీక్షా ముగిసినట్టే, కాకపోతే అందులో ముప్పై ఆరు కాపురాలుంటాయి. బద్రాన్‌ని కుదురుగా ఉండనివ్వనిది ఆ రెండోది.

"మొదట్నుంచి చెప్పు. ఇంజనీరు ఎన్నింటికొచ్చాడు?"

"తొమ్మిదిన్నరకి. ఒక్కడే. మా పాప నజాత్‌కి దగ్గు తగ్గిందా అని అడిగాడు. మంచోడు పాషా. చేతిలో డబ్బులెట్టి కిలో జిప్సం పొట్లం తెమ్మన్నాడు. తెచ్చిచ్చాను. పదికి అయిదు నిమిషాలు తక్కువ."

"టైము అంత గట్టిగా ఎలా తెలుసు?"

"పదింటికి నీళ్ళ మోటారు ఎయ్యాలి గదా! నిమిషం ఆలస్యమైతే తొమ్మిదో అంతస్తు ముసల్ది నా తాత ముత్తాతల్ని సమాధుల్లోంచి లేపి తిడతాది. మోటారేసి, ట్యాంకు సూడ్డానికి పైకెళ్ళాను. మెట్లెక్కే. లిఫ్టు నిన్నట్నుంచి పదకొండో అంతస్తు కాడ చచ్చి పడుంది."

"ఎక్కేటప్పుడు ఎనిమిదో అంతస్తు లిఫ్టు తలుపు?"

"మూసుంది."

"దిగేటప్పుడు?"

"తీసుంది. తొంగి సూశాను. అడుగున తెల్ల సొక్కా..." అవద్ బేడీల చేతులతో మొహం తుడుచుకున్నాడు. "ఇదంతా స్టేషన్లో సెప్పాను పాషా. రాసుకోలేదు. యజమానివి, తలుపు సంగతి నువ్వే సూసుకోవాలి అన్నారు."

"వేరే ఎవరైనా వచ్చారా?"

"ముందు గుమ్మంలోంచి ఎవురూ రాలా. ఎనకమాల షర్నూబీ పెళ్ళిళ్ళ హాలు తలుపుంది. దాని తాళం నాకియ్యలేదు. యజమాన్ని గదా!"

ఆ మాటలో వెటకారం ఉందో ఏడుపు ఉందో బద్రాన్‌కి తెలియలేదు. రెండూ ఉండే ఉంటాయి.

పదకొండూ యాభైకి శవాన్ని తనే చూశాడు. కుడి చేతి వేళ్ళ సందుల్లో తెల్లగా ఎండిన జిప్సం. జేబులో మడతపెట్టిన కళ్ళజోడు, గీత కూడా పడలేదు. ఎనిమిదో అంతస్తు నుంచి పడ్డవాడి ఎముకలే పిండి కావాలి, జేబులో కళ్ళజోడు ఎలా మిగిలింది? ఇంకొకటి. కింది పెదవి మీద ఒక పక్కగా వేలి గోరంత నీలం మచ్చ. డాక్టరు దాన్ని చూసి, 'గుండె ఆగి తూలి పడి ఉండవచ్చు' అని రాశాడు.

బద్రాన్‌కి ఆ మచ్చ అప్పుడే మరో గోడను గుర్తుచేసింది. తొంభైరెండు భూకంపం తర్వాత, అప్పటికి కుర్రవాడైన ఈ వదీయే తమ ఇంటికొచ్చి పగులు మీద అడ్డంగా అరచేతి వెడల్పు జిప్సం పట్టీ వేశాడు. పగులు కదిలితే పట్టీ పగులుతుంది. పట్టీ నిలిస్తే ఇల్లు నిలుస్తుంది. పచ్చిగా ఉండగానే దాని మీద తేదీ, టైము, పక్కనున్న సాక్షి పేరు రాశాడు. తడిపితే నీలంగా రాసే పెన్సిలు. నాలిక మీద పెట్టుకుని మరీ రాస్తుంటే, "విషం నాకుతావేం నాయనా" అని అమ్మ కసిరింది. ఆ పట్టీ ఇప్పటికీ ఉంది, అమ్మ పేరుతో సహా.

అంటే చచ్చే ముందు వదీ ఏదో రాశాడు. రాసింది ఎక్కడ? ఎనిమిదో అంతస్తు గోడలన్నీ తడిమి చూశాడు, జిప్సం చుక్క లేదు.

*

"ఏం పాషా, శవాన్ని పంపేశారు గదా. ఇంకా గోడలతో కబుర్లేమిటి?"

గుమ్మంలో ఫైలు చంకన పెట్టుకుని నిలబడ్డాడు లబీబ్ అల్‌-గమ్రావీ. వార్డులో అక్రమ కట్టడాల పరిష్కార శాఖ పెద్ద. ఇస్త్రీ మడత నలగని బూడిద రంగు సూటు, ఒంటి నిండా అత్తరు. టైము ఒంటిగంట అయిదు.

"రండి లబీబ్ బే. పిలవకుండానే వచ్చారే."

"రెండింటికి ఫారం ఇవ్వాలి. మీవాళ్ళు గుమ్మానికి తాడు కట్టారట, విప్పించడానికి వచ్చాను. ఇదే మొదటిసారి ఈ గడప తొక్కడం. పొద్దుట్నుంచి ఆఫీసులో ఫైళ్ళ మధ్యే ఉన్నాను, పాపం వదీ వార్త కూడా అక్కడే విన్నాను."

"మేడను పరీక్షించాల్సినవాడు పోయాడు. ఫారం ఎలా ఇస్తారు?"

"నిన్ననే సంతకం చేశాడు." లబీబ్ ఫైలు విప్పి చూపించాడు. "ఇదిగో. కట్టడం క్షేమం."

"నిన్న క్షేమం అని రాసినవాడు, ఇవాళ కిలో జిప్సం కొనిపించుకుని మళ్ళీ ఎందుకొచ్చాడు?"

లబీబ్ నవ్వాడు. "వదీ సంగతి మీకు తెలీదు. మా ఆఫీసులో వార్డు మ్యాపు ముందు నిలబడి గంటలు గంటలు ఉపన్యాసమిచ్చేవాడు. పసుపు రంగేసిన చోట ఎండ పడాలి, ఆకుపచ్చలో గాలి ఆడాలి, వీధి వెడల్పుకి ఒకటిన్నర రెట్లే ఎత్తు ఉండాలి అని. ఈ వీధి ఎనిమిది మీటర్లు. ఆయన లెక్కన ఇక్కడ నాలుగంతస్తులు."

"మీ లెక్కన?"

"రంగుకో రేటు. పసుపుని ఎరుపు చేస్తే ఎత్తు పెరుగుతుంది, ఫీజు పెరుగుతుంది. తప్పేముంది? వార్డు ఆసుపత్రిలో కిడ్నీ మిషను ఎక్కడిదనుకున్నారు? చెత్త బళ్ళకి డీజిలు? మేడ ఎలాగూ లేచింది. కూలగొడితే ఈ జనాన్ని మీ ఇంట్లో పెట్టుకుంటారా? ఉన్నదాన్ని ఒప్పుకుని నాలుగు డబ్బులు తీసుకుంటే ఊరు బాగుపడుతుంది."

ఈ మాటల్లో బద్రాన్‌ని ఇబ్బంది పెట్టింది ఒకటే. సగం నిజం. అతని చెల్లెలు వారానికి మూడుసార్లు ఆ మిషను మీదే పడుకుంటుంది.

"ఊరి మ్యాపుని హోటల్లో ధరల బోర్డు చేశారన్నమాట."

"అచ్చం వదీ మాటే! ఆయన దగ్గరే నేర్చుకున్నారా?"

"ఆయన దగ్గర వేరేది నేర్చుకున్నాను." బద్రాన్ ఫైలు లాక్కుని పేజీ తిప్పాడు. "ఇందులో అంతస్తులెన్ని? పన్నెండు. బయట నిలబడి నేను లెక్కపెట్టినవి పదమూడు. పదమూడోది ఏది?"

లబీబ్ కళ్ళు ఒక్క క్షణం పక్కకి పోయాయి. సమాధానం గూట్లోంచి వచ్చింది.

"దొంగంతస్తు పాషా," అన్నాడు అవద్. "కింది హాలుకీ ఒకటో అంతస్తుకీ నడుమ. కిందో అడుగు, పైనో అడుగు ఎత్తు తగ్గించి నడుమ ఇంకో అంతస్తు దొంగిలిస్తారు గదా, అది. షర్నూబీ దాన్ని హాలులో కలిపేసుకున్నాడు."

*

ఊళ్ళో పాత మేడలన్నిటికీ దొంగ అంతస్తులుంటాయి. పేరులో దొంగతనమే తప్ప అందులో తప్పేమీ లేదు. కానీ దీనికి ఫీజు కట్టలేదు. ఫీజు కట్టలేదు కనుక ఫైల్లో లేదు. ఫైల్లో లేదు కనుక దాని స్తంభాలను ఎవరూ చూడలేదు.

వెనక హాలు తాళాన్ని సార్జెంట్ ఖైరీ పగలగొట్టాడు. హాలు పక్క మెట్ల మీంచి పైకెక్కితే లోపల కటిక చీకటి. బద్రాన్ టార్చి కోసం జేబు వెతుక్కుంటుండగానే లైటు వెలిగింది. తలుపు వెనక, మోకాలెత్తున ఉన్న స్విచ్చి మీద ఉంది లబీబ్ వేలు.

బద్రాన్ ఆ వేలి వంక చూశాడు.

కప్పు చెయ్యెత్తితే తగులుతుంది. పెళ్ళి కుర్చీలు పేర్చి ఉన్నాయి. గదికి అటు చివర లిఫ్టు గోతిలోకి తెరుచుకునే ఇనుప తలుపు, దాని కిందే నేల మీద కొత్తగా కడిగిన మరక. బద్రాన్ చూస్తున్నది అది కాదు. నేల మీద నాలుగు చోట్ల కొత్త టైల్సు, చదరంగా, ఒక్కొక్కటీ ముప్పావు మీటరు. తలెత్తాడు. కప్పులో సరిగ్గా వాటి పైన నాలుగు చదరాలు, కోసిన ఇనుప కడ్డీల మొనలతో సహా.

"అల్లా!" అన్నాడు ఖైరీ. "స్తంభాల్ని కోసేశారా?"

"పెళ్ళికూతురు పల్లకీకి అడ్డొస్తున్నాయని," అన్నాడు బద్రాన్. "పదకొండంతస్తులు ఇప్పుడు దేని మీద నిలబడి ఉన్నాయి లబీబ్ బే?"

"మిగిలిన వాటి మీద. రెండేళ్ళుగా నిలబడే ఉంది గదా!"

"రెండేళ్ళని ఎవరు చెప్పారు? ఫైల్లో ఈ అంతస్తే లేదు. మీరేమో ఈ గడప తొక్కడం ఇదే మొదటిసారి."

లబీబ్ జేబురుమాలు తీసి నుదురు తుడుచుకున్నాడు. "మాట దొర్లితే పట్టుకుంటారా? మీ పోలీసు బుద్ధులు పోనిచ్చారు కాదు."

గోడ దగ్గర, మిగిలిన స్తంభాన్ని ఆనుకుని నిలువుగా పగులు. దాని మీద అడ్డంగా జిప్సం పట్టీ, ఇవాళ్టిదే. పక్కన సగం ఖాళీ అయిన పొట్లం. బద్రాన్ ఒంగి దగ్గరగా చూశాడు. అరచేతి వెడల్పు. వదీ చెయ్యే. కానీ మందం రెండింతలు. పైన తేదీ లేదు, టైము లేదు, పేరు లేదు. ముప్పై ఏళ్ళుగా పేరు రాయకుండా పట్టీ వదలని మనిషి, ఇవాళే మర్చిపోయాడా? మర్చిపోయినవాడి పెదవికి నీలం ఎలా అంటింది?

"ఖైరీ, చాకు ఇలా ఇవ్వు."

"ఆగండి." లబీబ్ అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. ఇప్పుడు గొంతులో నవ్వు లేదు. "సాంకేతిక పట్టీ మీద చెయ్యి వేస్తే నేరం. రాతపూర్వకంగా ఆర్డరు తెండి. నేను ఇక్కడి నుంచే పై ఆఫీసుకి ఫోను చేస్తాను. రేపటికల్లా మీరు ఎడారి చెక్‌పోస్టులో ఒంటెల్ని లెక్కపెట్టుకుంటూ ఉంటారు."

"పర్లేదు. ఒంటెలు అబద్ధం చెప్పవు."

"మీ చెల్లెలి మిషను గుర్తుంచుకుని మాట్లాడండి పాషా."

బద్రాన్ చెయ్యి చాకు మీదే ఆగిపోయింది. ఒంటిగంటా ఇరవై ఏడు. బయట వీధిలో సందడి మొదలైంది. స్కూళ్ళు వదిలారు. సంచుల చప్పుడు, మెట్ల మీద పరుగులు. పైన ఎవరో తల్లి వంగి అన్నానికి రమ్మని కేక వేసింది. నిండుతోంది మేడ.

అప్పుడు వినిపించింది, వేలు విరిచినంత చిన్న చప్పుడు.

టిక్.

ముగ్గురూ గోడ వైపు తిరిగారు. పట్టీ మీద వెంట్రుకంత గీత. అది కళ్ళ ముందే దారమైంది. గట్టిపడిన పట్టీ మీద హడావిడిగా పులిమిన పైపొర అంచులు లేచి, అప్పడంలా ఊడి, బద్రాన్ బూట్ల మీద పడింది.

తీసి చూశాడు. దాని వీపు మీద నీలం అక్షరాలు, అద్దంలో చూసినట్టు తిరగబడి. గోడ మీద మిగిలిన అసలు పట్టీలో అవే అక్షరాలు, తిన్నగా, వదీ చేతిరాతలో, నడుమ పగులుతో:

*మంగళవారం. పదీ పది. వెంటనే ఖాళీ చేయించాలి. సాక్షి: లబీబ్ అల్‌-గమ్రావీ.*

బద్రాన్ ఆ పెంకుని లబీబ్ కళ్ళ ముందు పట్టుకున్నాడు.

"షర్నూబీ ఇచ్చిన తాళంచెవితో వెనక నుంచి వచ్చారు. పేరు రాస్తుంటే పక్కనే ఉన్నారు కదూ," అన్నాడు బద్రాన్ మెల్లగా. "గీకుదామంటే అప్పటికే గట్టిపడింది. మిగిలిన జిప్సం పైన పులిమారు. తర్వాత మెట్లెక్కి ఎనిమిదో అంతస్తు తలుపు తీసి వచ్చారు. అవద్ అప్పుడు ట్యాంకు దగ్గరున్నాడు."

"నేను... నేను చంపాలనుకోలేదు." లబీబ్ గోడకు ఆనుకోబోయి, ఏ గోడో చూసుకుని తుళ్ళిపడి వెనక్కి జరిగాడు. "ఇది ఒక్కటి ఆపితే వీధి మొత్తం ఆపాలి పాషా. ఎరుపు వేసినవన్నీ. నలభై మేడలు. చేతులు పట్టుకుని బతిమాలాను. వినలేదు. తోశాను, అంతే. తెరిచున్న లిఫ్టు తలుపు అంచుకి తల తగిలింది. గోతిలో పడ్డాడు..."

టిక్. ఈసారి కప్పులోంచి. సున్నం పొడి సన్నగా రాలి అతని ఇస్త్రీ సూటు భుజం మీద పడింది.

బద్రాన్ పరుగున కిందికి దిగాడు, లబీబ్‌ని చొక్కా కాలరు పట్టి ఈడ్చుకుంటూ. అవద్ చేతుల బేడీలు విప్పి లబీబ్ చేతులకు వేశాడు.

"అవద్! ఈ మేడ ఎవరిది?"

"న... నాదే పాషా."

"అయితే నీ మేడ నువ్వే ఖాళీ చేయించు. ప్రతి తలుపూ నీకు తెలుసు. పొయ్యిలు ఆర్పమను, చెప్పులు కూడా వద్దు. పై నుంచి మొదలెట్టు, ఖైరీ కింది నుంచి వస్తాడు. పరిగెత్తు!"

మెట్ల కింద గూట్లోంచి ఆ మనిషి లేచిన తీరు చూసి బద్రాన్‌కి మొదటిసారి అతను పొడగరి అని తెలిసింది. రెండేసి మెట్లు దూకుతూ వెళ్ళాడు. "ఇల్లుగలాయన సెప్తన్నాడు, బైటికి రండి! నేనే, అవద్‌ని! బైటికి రండి!" కేక అంతస్తు తర్వాత అంతస్తు పైకి పోయింది. తలుపులు తెరుచుకున్నాయి, చెప్పుల్లేని పాదాలు దిగసాగాయి. గరిటె చేత్తో ఒకామె, సగం కట్టిన తలగుడ్డతో ఒకామె, తొమ్మిదో అంతస్తు ముసలమ్మ కోడలి వీపు మీద, ఈసారీ అవద్ తాతల్ని తిడుతూనే.

"నన్ను కూడా బయటికి పంపండి," అన్నాడు లబీబ్. "పాషా, నన్ను ఇక్కడ నిలబెట్టొద్దు."

"భయమెందుకు బే? క్షేమం అని మీ ఫైల్లోనే ఉంది." అన్నాడే గానీ మరుక్షణమే అతన్ని వీధిలోకి తోసి, జనాన్ని ఎదుటి పేవ్‌మెంటు కూడా దాటించమని జీపు డ్రైవరుకి చెయ్యి ఊపాడు. వెనక్కి తిరిగాడు.

ముప్పై ఆరు కాపురాలు. వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటూ నిలబడ్డాడు. ముప్పై ఒకటి. ముప్పై మూడు. ముప్పై అయిదు.

పైనుంచి ఖైరీ గొంతు, కాదు, అరుపు.

"పాషా! నాలుగో అంతస్తు కుడి పక్క తలుపు రావట్లేదు! గుమ్మం వంకరపోయి బిగుసుకుంది! లోపల మనుషులున్నారు!"

"ఎవరు?"

సమాధానం ఖైరీ చెప్పలేదు. తలుపు మీద దబదబా బాదుతున్న చప్పుడు మధ్య అవద్ గొంతు వినిపించింది, ఇప్పటిదాకా ఆ మనిషి నోట వినని గొంతు.

"నజాత్! అమ్మా నజాత్! బడి నుంచొచ్చి ఈళ్ళింటికే అన్నానికి పోయావా తల్లీ!"

బద్రాన్ మొదటి మెట్టు మీద కాలు పెట్టాడు. దాని అంచుకీ గోడకీ మధ్య, పొద్దున లేని సందులోంచి, పక్క వీధి వెలుతురు కనిపిస్తోంది.